ఏ మూలకం ఏ గ్రూపులో, ఎందుకు? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచిక మధ్య పేజీల్లో ఆవర్తన పట్టిక పోస్టర్ ఇచ్చాం కదా, 118 మూలకాలు, 18 గ్రూపులు (నిలువు వరసలు), రంగులు వేసి. దాని మీద పిల్లలే కాదు, రిటైరైన వాళ్ళు, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే అమ్మలు కూడా రాశారు. ఎక్కువమంది అడిగింది ఒకటే, ఫలానా మూలకాన్ని ఈ గ్రూపులో ఎందుకు పెట్టారు, పక్క గ్రూపులో ఎందుకు పెట్టలేదు అని. చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈ ప్రశ్న మీదే 150 ఏళ్ళకి పైగా పెద్ద పెద్ద కెమిస్టులు వాదించుకున్నారు, కొన్ని మూలకాల విషయంలో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ప్రశ్న: మా నాన్న చదివిన పాత పుస్తకంలో గ్రూపులు 8 వరకే ఉన్నాయి, ఏ అని బి అని రెండేసి భాగాలు. మీ పోస్టర్‌లో 1 నుంచి 18 వరకు ఉన్నాయి. లైబ్రరీలో ఒక ఫారిన్ పుస్తకం చూస్తే బోరాన్ త్రీ-బి అని ఉంది, మా గైడ్‌లో త్రీ-ఏ అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి? - పదో తరగతి విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: చూడమ్మా, నువ్వు చూసినవన్నీ సరైనవే, ఏ కాలం పుస్తకంలో ఆ కాలం లెక్క ఉంది అంతే. రష్యా కెమిస్టు మెండలీవ్ 1871లో వేసిన పట్టికలో 8 గ్రూపులే. ఒక్కో గ్రూపులో రెండు రకాల వాళ్ళు ఉండేవాళ్ళు, ఉదాహరణకి మొదటి గ్రూపులో సోడియం పొటాషియంతో పాటు రాగి వెండి బంగారం కూడా. రెండు రకాలకీ వేలన్సీ (ఒక పరమాణువు ఎన్ని బంధాలు కడుతుందో ఆ లెక్క) 1 వస్తుంది కాబట్టి ఒకే గదిలో పెట్టారు గానీ నీళ్ళలో వేస్తే భగ్గుమనే సోడియం ఎక్కడ, తరతరాలు మెరుస్తూ ఉండే బంగారం ఎక్కడ! అందుకే వాటిని విడదీసి ఏ, బి అని పేర్లు పెట్టారు. తర్వాత గొడవ ఎక్కడొచ్చిందంటే అమెరికా వాళ్ళు సోడియం, బోరాన్, కార్బన్, క్లోరిన్ లాంటి ప్రధాన గ్రూపులన్నిటికీ ఏ అని పెట్టుకున్నారు, యూరప్ వాళ్ళేమో పట్టిక ఎడమ వైపు ఉన్నవాటికి ఏ, కుడి వైపు ఉన్నవాటికి బి అన్నారు. దాంతో బోరాన్ అమెరికా లెక్కలో త్రీ-ఏ, యూరప్ లెక్కలో త్రీ-బి అయింది. ఈ గందరగోళం పోవాలనే ఐయూపీఏసీ అనే అంతర్జాతీయ సంస్థ 1980ల చివర్లో అక్షరాలు తీసేసి ఎడమ నుంచి కుడికి 1 నుంచి 18 వరకు నంబర్లు ఇచ్చింది. పరీక్షలో కొత్త నంబరు రాయి, పక్కన పాతది కూడా మీ పుస్తకంలో ఉన్నట్టు రాస్తే తప్పేం లేదు.

18 ఎందుకంటావా, పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉపకక్ష్యలు అనే గదుల్లో ఉంటాయి, వాటి పేర్లు ఎస్, పి, డి, ఎఫ్. ఎస్ ఉపకక్ష్యలో 2 ఎలక్ట్రాన్లు పడతాయి, పి లో 6, డి లో 10, మొత్తం 18. ఎఫ్ లో పట్టే 14 ని కూడా కలిపితే పట్టిక 32 గళ్ళ వెడల్పు అవుతుంది, పేజీలో పట్టదు, అందుకే ఆ రెండు వరసల్ని కింద విడిగా వేస్తారు. ఇంకోటి గుర్తు పెట్టుకో, 13 నుంచి 18 వరకు గ్రూపు నంబర్లో చివరి అంకె చూస్తే బయటి కక్ష్యలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో తెలిసిపోతుంది. క్లోరిన్ 17, అంటే 7. దీనికి లొంగనిది హీలియం ఒక్కటే, దాని సంగతి కింద గుంటూరు పాఠకుడు అడిగారు.

ప్రశ్న: మా బాబుకి కోచింగ్‌లో ఒక్కో గ్రూపుకి ఒక్కో హిందీ వాక్యం బట్టీ పట్టిస్తున్నారు, వాడికి హిందీయే సరిగా రాదు. ఇంకో దారి లేదా? - ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: ఉందండీ, మెండలీవ్ వాడిన దారే ఉంది. ఆయన కాలానికి ఎలక్ట్రాన్ అంటే ఎవరికీ తెలీదు, అది 1897లో బయటపడింది. మరి ఆయన గ్రూపులు ఎలా వేశాడంటే ఆ మూలకం ఆక్సిజన్‌తో ఏ నిష్పత్తిలో కలుస్తుందో చూశాడు. ఆయన పట్టికలో ప్రతి గ్రూపు నెత్తిన ఆ ఫార్ములా రాసి ఉంటుంది. రెండు సోడియంలకి ఒక ఆక్సిజన్, అది మొదటి గ్రూపు. ఒక కాల్షియంకి ఒక ఆక్సిజన్ (మన పొడి సున్నం అదే), అది రెండో గ్రూపు. రెండు అల్యూమినియంలకి మూడు, ఒక సిలికాన్‌కి రెండు (ఏటి ఇసుక), ఇలా పోతుంది. బాబుకి ఒక్కో గ్రూపులో వాడికి బాగా తెలిసిన ఒక్క మూలకాన్ని, దాని ఆక్సైడ్‌ని, క్లోరైడ్‌ని పరిచయం చెయ్యండి. ఉప్పు సోడియం క్లోరైడ్ అని తెలిస్తే అదే గ్రూపులోని పొటాషియంకి, లిథియంకి, సీజియంకి ఫార్ములా వాడే రాసేస్తాడు. వాక్యాలు పరీక్ష ముందు రోజు పనికొస్తాయి, కాదనను. కానీ వాక్యం వచ్చి ఫార్ములా రాకపోతే ఆ బట్టీ వల్ల లాభం లేదని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: హైడ్రోజన్‌ని 1వ గ్రూపులో పెట్టారు. కానీ అది వాయువు, లోహం కాదు, జంటగా ఉంటుంది క్లోరిన్ లాగా. 17లో పెడితే పోయేది కదా? - ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

జవాబు: నీ అనుమానానికి బలం ఉంది, అంకెలు చూద్దాం. పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని పీకడానికి కావాల్సిన శక్తి, అదే అయనీకరణ శక్తి, లిథియంకి మోల్‌కి 520 కిలోజౌళ్ళు, సోడియంకి 496, హైడ్రోజన్‌కేమో 1312. క్లోరిన్‌కి ఎంతో తెలుసా, 1251. అంటే ఎలక్ట్రాన్‌ని వదులుకునే విషయంలో హైడ్రోజన్ సోడియం పక్కన కాదు, క్లోరిన్ పక్కన కూర్చుంటుంది. పైగా సోడియం, కాల్షియం లాంటి లోహాలతో కలిసినప్పుడు అది ఎలక్ట్రాన్ తీసుకుని హైడ్రైడ్ అయాన్ అవుతుంది, కరిగించిన హైడ్రైడ్‌లోంచి కరెంటు పంపితే హైడ్రోజన్ ఆనోడ్ దగ్గర బయటికొస్తుంది, అచ్చం హాలోజన్ (17వ గ్రూపు మూలకం) లాగే.

ఇక రెండో వైపు వాదన. ఎలక్ట్రాన్‌ని తీసుకున్నప్పుడు వదిలే శక్తి చూస్తే క్లోరిన్‌ది 349, హైడ్రోజన్‌ది 73 మాత్రమే, ఇక్కడ అది లిథియం వైపు వచ్చేసింది (లిథియంది 60). నీళ్ళలో, ఆమ్లాల్లో అది చేసే పనంతా ప్లస్ 1గానే. విన్యాసం, అంటే ఎలక్ట్రాన్ల అమరిక, చూసినా ఒక్క ఎస్ ఎలక్ట్రానే. ఇంకా విపరీతమైన ఒత్తిడి పెడితే హైడ్రోజన్ లోహం అవుతుందని 1935లోనే విగ్నర్, హంటింగ్టన్ లెక్క కట్టారు, గురు గ్రహం లోపల అలాగే ఉందని శాస్త్రవేత్తలు నమ్ముతున్నారు. అందుకని కొన్ని పట్టికల్లో దాన్ని రెండు చోట్లా వేస్తారు, కొన్నిట్లో మధ్యలో పైన ఒంటరిగా వేస్తారు. నన్నడిగితే ఒంటరిగా వెయ్యడమే నిజాయితీ, ఎందుకంటే లోపల వేరే కక్ష్య ఏమీ లేకుండా ఒకే ఎలక్ట్రాన్ ఉన్న మూలకం ఇంకోటి లేదు, దానికి తోడు దొరకదు. పరీక్షలో మాత్రం 1వ గ్రూపు అని రాసి, రెండు పోలికలూ రాయి, మార్కులు దానికే.

ప్రశ్న: హీలియం మా గుంటూరులోనే కనిపెట్టారని చెప్తుంటారు, నిజమేనా? దానికి రెండే ఎలక్ట్రాన్లు కదా, బెరీలియం, మెగ్నీషియంలకి కూడా బయట రెండే, మరి హీలియం 2వ గ్రూపులో ఎందుకు లేదు? - డిగ్రీ లెక్చరర్, గుంటూరు

జవాబు: రెండు ప్రశ్నలూ మంచివేనండీ, మొదటిది ముందు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా వెళ్ళింది, ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి స్పెక్ట్రోస్కోప్ పెట్టి చూశాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల్లోంచి వచ్చే మెరిసే గీతలు ఎంత స్పష్టంగా కనపడ్డాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకి తట్టింది, మర్నాడు చూసి తేల్చుకున్నాడు కూడా. ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటి ఉంది. అప్పట్లో చాలామంది దాన్ని సోడియం గీతే అనుకున్నారు. అది సోడియం గీత ఉండాల్సిన చోట లేదని, మనకి తెలియని మూలకానిదని గట్టిగా చెప్పింది ఇంగ్లండ్‌లో లాకియర్, అదే సంవత్సరం అక్టోబర్‌లో గ్రహణం అవసరం లేకుండానే చూసి. జాన్సెన్ మన కాకినాడ నుంచి పంపిన ఉత్తరం, లాకియర్ ఉత్తరం ఒకే రోజు పారిస్ అకాడమీ ముందుకి వచ్చాయి. కాబట్టి గుంటూరుకి ఆ కథలో గర్వించదగ్గ చోటు ఉంది, కానీ ఇది కొత్త మూలకం అన్న మాట మాత్రం లాకియర్‌ది.

ఆ తర్వాత 27 ఏళ్ళ పాటు అది సూర్యుడిలోనే ఉండిపోయింది. 1895లో రామ్సే యురేనియం ఖనిజం ఒకదాన్ని ఆమ్లంలో కరిగిస్తే వచ్చిన వాయువులో అదే పసుపు గీత కనపడింది. దానికి ముందు సంవత్సరమే ఆయన, రేలీ కలిసి గాల్లోంచి ఆర్గాన్ పట్టుకున్నారు. ఇప్పుడు చిక్కు చూడండి, మెండలీవ్ పట్టికలో వీటికి చోటే లేదు, దేనితోనూ కలవవు కాబట్టి వేలన్సీ లేదు, ఫార్ములా లేదు, ఏ గ్రూపు నెత్తిన పెట్టాలి? మెండలీవ్ కూడా మొదట ఒప్పుకోలేదు, ఆర్గాన్ అంటే మూడు నైట్రోజన్లు అతుక్కున్న అణువేమో అన్నాడు. 1898లో నియాన్, క్రిప్టాన్, జీనాన్ వరసగా దొరికాక ఇక కాదనడానికి లేకపోయింది, ఒక్కటి కాదు మొత్తం కుటుంబమే బయటపడింది. వేలన్సీ సున్నా కాబట్టి సున్నా గ్రూపు అన్నారు, అదే ఇప్పటి 18.

ఇక హీలియం ఎందుకు అక్కడ అంటే, బెరీలియంకి బయట రెండు ఎలక్ట్రాన్లు ఉన్నా అదే కక్ష్యలో పి గళ్ళు ఖాళీగా ఉన్నాయి, వాటితో బంధాలు కడుతుంది. హీలియంకి మొదటి కక్ష్య అంతే, రెండుతో నిండిపోయింది, ఇక ఖాళీ లేదు. ఎలక్ట్రాన్ పీకాలంటే బెరీలియంకి 899 కిలోజౌళ్ళు చాలు, హీలియంకి 2372 కావాలి, అన్ని మూలకాల్లోకీ ఎక్కువ అదే. విన్యాసం రాసి చూస్తే 2వ గ్రూపు, నడవడిక చూస్తే 18. కెమిస్ట్రీలో గ్రూపు అనేది మూలకం ఏం చేస్తుందో చెప్పడానికి పుట్టింది కాబట్టి నడవడికకే పెద్దపీట వేశారు, అదే న్యాయం అని నేనూ అనుకుంటా. ఎలక్ట్రాన్ లెక్కే ముఖ్యం అనేవాళ్ళు దాన్ని బెరీలియం నెత్తిన వేసి పట్టికలు గీస్తున్నారు, ఆ వాదన తీసిపారేసేది కాదు.

పనిలో పని, 18వ గ్రూపుని ఇంకా జడ వాయువులు అని చెప్తున్నారా క్లాసులో? 1962లో కెనడాలో నీల్ బార్ట్‌లెట్ జీనాన్‌తో సమ్మేళనం చేసి చూపించాడు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగేస్తోందని చూశాడు, జీనాన్ అయనీకరణ శక్తి కూడా దాదాపు ఆక్సిజన్ అణువుది అంతే కదా అని గుర్తొచ్చి రెండిటినీ కలిపాడు, అంతే, పసుపు నారింజ రంగు ఘనపదార్థం వచ్చింది. పాఠం చెప్పేటప్పుడు ఈ కథ తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: టెల్లూరియం పరమాణు భారం 127.6, అయోడిన్‌ది 126.9. మరి మెండలీవ్ భారాల వరస అని చెప్పి టెల్లూరియంని ముందు ఎలా పెట్టాడు? తనకి కావాల్సినట్టు జరుపుకున్నాడు అనిపించదా? - హైస్కూల్ సైన్స్ టీచర్, శ్రీకాకుళం

జవాబు: అలా అనిపించడం సహజమే మాస్టారూ. కానీ అంతకు ముందు ఏం జరిగిందో చూస్తే ఆయన ధైర్యం అర్థమవుతుంది. 1829లో జర్మనీలో డోబరైనర్ మూడేసి మూలకాల గుంపులు చూపించాడు, లిథియం 7, సోడియం 23, పొటాషియం 39, మధ్యది మిగతా రెండిటి సగటు. బాగుంది కానీ అన్ని మూలకాలకీ కుదర్లేదు. 1865లో లండన్‌లో న్యూలాండ్స్ భారాల వరసలో ప్రతి ఎనిమిదోది మొదటిదాన్ని పోలి ఉందని, సంగీతంలో స్వరాల్లాగా అని చెప్తే, మర్నాటి ఏడు కెమికల్ సొసైటీ మీటింగ్‌లో ఒకాయన లేచి, అక్షరక్రమంలో పేర్చి చూశారా అని అడిగాడు, వ్యాసం కూడా వేసుకోలేదు. ఆ న్యూలాండ్స్‌కే 1887లో డేవీ మెడల్ ఇచ్చారు, అదొక్కటే కాస్త ఊరట. అయితే న్యూలాండ్స్ పొరపాటు ఏంటంటే తెలిసిన మూలకాలన్నిటినీ ఖాళీ లేకుండా కుక్కేశాడు, దాంతో కోబాల్ట్, నికెల్ రెండూ ఒకే గడిలో పడి క్లోరిన్ కుటుంబంలోకి వచ్చాయి.

మెండలీవ్ 1869లో 63 మూలకాలు పెట్టుకుని చేసింది వేరు. గ్రూపు పోలిక తప్పకూడదు, దానికోసం గడి ఖాళీగా వదలాల్సి వస్తే వదులుతా, భారం తప్పు అనిపిస్తే తప్పు అంటా అన్నాడు. ఇండియం భారం అప్పట్లో 75.6 అనేవారు, దాని ఆక్సైడ్ ఫార్ములా తప్పుగా అనుకోవడం వల్ల. అది అల్యూమినియం గ్రూపుది, వేలన్సీ 3, కాబట్టి 113 అయ్యుండాలి అన్నాడు, తర్వాత అదే నిజమైంది. గాలియం కథ ఇంకా గొప్పది. అల్యూమినియం కింద ఖాళీ గడిలో భారం 68, సాంద్రత 6 దగ్గర ఉండే మూలకం వస్తుందని రాశాడు. 1875లో ఫ్రాన్స్‌లో లకాక్ ద బోయబోద్రాన్ గాలియంని పట్టుకుని సాంద్రత 4.7 అని ప్రకటించాడు. మెండలీవ్ ఆ లోహాన్ని కంటితో కూడా చూడలేదు, అయినా మీ నమూనా శుద్ధంగా లేదు, మళ్ళీ చూడండి, 5.9 రావాలి అని రాశాడు. మళ్ళీ శుద్ధి చేసి కొలిస్తే 5.9 వచ్చింది! నాకు కెమిస్ట్రీ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన సంఘటన ఇదే. (గాలియం 30 డిగ్రీల లోపే కరిగిపోతుంది, మన దగ్గర ఎండాకాలం అది బల్ల మీద ద్రవంగానే ఉంటుంది.) తర్వాత 1879లో స్కాండియం, 1886లో జెర్మేనియం, రెండూ ఆయన చెప్పిన గళ్ళల్లోనే కూర్చున్నాయి.

ఇప్పుడు టెల్లూరియం. అయోడిన్ అన్ని విధాలా క్లోరిన్, బ్రోమిన్ మనిషి, టెల్లూరియం సల్ఫర్, సెలీనియం మనిషి, అందులో సందేహం లేదు. అందుకే వాటిని అలా పెట్టి, టెల్లూరియం భారం తప్పుగా కొలిచారు అన్నాడు. గ్రూపు విషయంలో ఆయనదే రైటు, కారణం విషయంలో తప్పు. భారం సరిగానే కొలిచారు. 1913లో మోస్లీ ఎక్స్-కిరణాలతో చూస్తే అసలు వరస భారానిది కాదు, పరమాణు సంఖ్యది (కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్లో ఆ లెక్కది) అని తేలింది, టెల్లూరియం 52, అయోడిన్ 53. మరి భారం ఎందుకు తిరగబడిందంటే ప్రకృతిలో టెల్లూరియంలో మూడింట రెండొంతులు 128, 130 అనే బరువైన ఐసోటోపులే (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు), అయోడిన్ మొత్తం 127 ఒక్కటే. ఆర్గాన్-పొటాషియం, కోబాల్ట్-నికెల్ జతల్లో కూడా ఇదే కథ. మోస్లీ 1915లో గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు, 27 ఏళ్ళకి. ఎంత నష్టమో చెప్పలేం.

ప్రశ్న: నేను ఈసీఐఎల్ దగ్గర ఉంటాను, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కోనియం నుంచి హాఫ్నియంని తీసేస్తారని విన్నాను. ఒకే గ్రూపు మూలకాలే కదా, ఎందుకంత శ్రమ? - హైదరాబాద్ పాఠకుడు

జవాబు: ఒకే గ్రూపువి కాబట్టే అంత శ్రమ. మామూలుగా గ్రూపులో కిందికి పోయేకొద్దీ పరమాణువు సైజు పెరుగుతుంది, లిథియం కంటే సోడియం, దానికంటే పొటాషియం. కానీ 4వ గ్రూపులో జిర్కోనియం నుంచి హాఫ్నియంకి దిగేసరికి సైజు పెరగదు, 160 పికోమీటర్లు ఒకటి, 159 ఇంకోటి. కారణం మధ్యలో లాంథనైడ్లు (పట్టిక కింద విడిగా వేసే మొదటి వరస) ఉన్నాయి, ఎఫ్ ఎలక్ట్రాన్లు కేంద్రకం ఆకర్షణని సరిగా అడ్డుకోలేవు, దాంతో ఒక్కో మూలకం దాటేకొద్దీ పరమాణువు కొంచెం కొంచెం కుంచించుకుపోతుంది, పెరగాల్సిన సైజు అక్కడ తినేస్తుంది. సైజు ఒకటే, వేలన్సీ ఒకటే, ఇక రసాయనికంగా వాటిని ఎలా విడదీస్తారు? ఖనిజంలో జిర్కోనియం ఉన్నచోటల్లా 1 నుంచి 3 శాతం హాఫ్నియం దాక్కుని ఉంటుంది. 1789లో క్లాప్‌రోత్ జిర్కోనియంని గుర్తించాడు, అప్పట్నుంచి 130 ఏళ్ళకి పైగా ఎంతమంది కెమిస్టులు జిర్కోనియం భారాన్ని తూచారో, లోపల ఇంకోటి ఉందని ఎవరికీ తెలీలేదు.

అది దొరికిన తీరు కూడా గ్రూపుల గొడవే. 72వ మూలకం లాంథనైడ్లలోదే అని ఫ్రాన్స్‌లో ఉర్బేన్ అనేవాడు, అరుదైన మృత్తికల్లో వెతికాడు. కోపెన్‌హాగన్‌లో బోర్ సిద్ధాంతం ప్రకారం లాంథనైడ్లు 71తో అయిపోతాయి, 72 జిర్కోనియం కింద రావాలి. అదే ఊళ్ళో కోస్టర్, హెవెసీ జిర్కోనియం ఖనిజాన్ని తీసుకుని మోస్లీ పద్ధతిలో ఎక్స్-కిరణాలతో చూస్తే అక్కడే ఉంది, 1923లో ప్రకటించారు. ఏ గ్రూపో సరిగ్గా తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

రియాక్టర్‌లో మాత్రం ఈ కవలలు పూర్తిగా విరుద్ధం. జిర్కోనియం న్యూట్రాన్లని దాదాపు పట్టుకోదు, అందుకే యురేనియం ఇంధనం గుళికలని పెట్టే ట్యూబులు దాని మిశ్రమంతో చేస్తారు. హాఫ్నియం జిర్కోనియం కంటే సుమారు 600 రెట్లు ఎక్కువ న్యూట్రాన్లని మింగేస్తుంది, అది ట్యూబులో ఉంటే చర్య దెబ్బతింటుంది, అందుకే 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) లోపుకి తగ్గించాలి. ఎందుకీ తేడా అంటే గ్రూపు చెప్పేది బయటి ఎలక్ట్రాన్ల సంగతి, న్యూట్రాన్ల వ్యవహారం కేంద్రకానిది, దానికి గ్రూపుతో సంబంధం లేదు. 1971లో మొదలైన మీ పక్కనున్న ఆ కాంప్లెక్స్‌లో సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ పద్ధతిలో, రెండు ద్రవాల మధ్య మళ్ళీ మళ్ళీ పంచుతూ, ఆ కొద్దిపాటి తేడానే పెద్దది చేసి విడగొడతారు. జిర్కాన్ మన విశాఖ, శ్రీకాకుళం తీరం ఇసుకలో కూడా ఉంది.

ప్రశ్న: మా వదినగారు మానసిక సమస్యకి లిథియం మాత్రలు వాడతారు. ఆవిడకి బీపీ కూడా ఉంది, ఉప్పు మానేద్దాం అంటే డాక్టర్ ఒక్కసారిగా మానొద్దన్నారు. ఎందుకు? - గృహిణి, రాజమండ్రి

జవాబు: డాక్టర్ గారు చెప్పింది చాలా ముఖ్యమైన మాటండీ, దయచేసి పాటించండి. లిథియం, సోడియం ఒకే గ్రూపు, రెండూ ప్లస్ 1 అయాన్లు. మూత్రపిండం సోడియంని వెనక్కి పీల్చుకునేటప్పుడు లిథియంని కూడా దాంతోపాటే పీల్చుకుంటుంది. ఒంట్లో ఉప్పు తగ్గితే కిడ్నీ సోడియంని గట్టిగా పట్టుకుంటుంది, ఆ పట్టుకోవడంలో లిథియం కూడా ఉండిపోయి రక్తంలో మోతాదు పెరిగి విషం అవుతుంది. అందుకే ఉప్పు తినేది రోజూ ఒకేలా ఉండాలి, రాజమండ్రి ఎండల్లో చెమట బాగా పట్టినా, విరేచనాలు అయినా నీళ్ళు తాగించి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, నొప్పి మాత్రలు కూడా అడగకుండా వెయ్యొద్దు, వాటిల్లో కొన్ని లిథియంని పెంచుతాయి. చేతులు బాగా వణకడం, వాంతులు, మత్తుగా ఉండటం కనపడితే ఆలస్యం చెయ్యకండి.

ఒకే గ్రూపు కదా అని ఒకదాని బదులు ఒకటి వాడేయొచ్చు అని మాత్రం అనుకోకండి. సోడియం తక్కువ ఉప్పు అని అమ్మేవాటిల్లో సాధారణంగా పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. మన కణాలు సోడియంని బయటికి, పొటాషియంని లోపలికి తోస్తూనే ఉంటాయి, మూడు బయటికి రెండు లోపలికి, ఒంటికి ఆ రెండూ వేరు వేరని బాగా తెలుసు. కానీ ప్రతిసారీ తేడా కనిపెట్టలేదు, స్ట్రాన్షియం-90 ని కాల్షియం అనుకుని ఎముకలో పెట్టేసుకుంటుంది, అణు ప్రమాదాల్లో భయం దానికే.

ప్రశ్న: 3వ గ్రూపులో ఇట్రియం కింద ఒక పుస్తకంలో లాంథనం ఉంది, ఇంకోదాంట్లో లుటీషియం ఉంది, ఒకచోట ఖాళీయే ఉంది. ఏంటిది? - ఎమ్మెస్సీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఇది ఇంకా తేలని విషయం. లాంథనం 57, లుటీషియం 71, రెండిటికీ ఒక డి ఎలక్ట్రాన్, రెండు ఎస్ ఎలక్ట్రాన్లు, రెండూ ప్లస్ 3. తేడా లుటీషియంలో ఎఫ్ 14 నిండి ఉంది. లాంథనం వైపువాళ్ళు గ్రూపులో కిందికి పోయేకొద్దీ సైజు పెరగడం చూపిస్తారు, స్కాండియం, ఇట్రియం, లాంథనం అలా చక్కగా పెరుగుతాయి. లుటీషియం వైపువాళ్ళు, లాంథనం అక్కడ పెడితే డి బ్లాకు (డి ఉపకక్ష్య నిండుతూ పోయే మూలకాల గుంపు) మధ్యలో ఎఫ్ బ్లాకు చొరబడి రెండు ముక్కలవుతుంది, లుటీషియం పెడితే బ్లాకులు తెగకుండా ఉంటాయి అంటారు. ఐయూపీఏసీ 2015లో దీనికోసం కమిటీ వేసింది, 2021లో వచ్చిన తాత్కాలిక నివేదిక ఏ ఒక్క ప్రయోగంతోనూ ఇది తేలదు, సౌకర్యం చూసి నిర్ణయించాలి అంటూ లుటీషియం, లారెన్షియం వైపు మొగ్గింది. ఐయూపీఏసీ సొంత పట్టికలో మాత్రం ఇట్రియం కింద గళ్ళల్లో 57-71 అని, 89-103 అని రాసి వదిలేస్తారు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో లాంథనమే. నాకు బ్లాకుల వాదన నచ్చుతుంది, 4వ గ్రూపుకి హాఫ్నియం ఎలా ఉందో 3వ గ్రూపుకి లుటీషియం అలా ఉంది, ఇట్రియంతో దాని సైజు దగ్గర. ఆక్టినైడ్ల (89-103, కింద రెండో వరస) సంగతి గుర్తుందా, 1940ల దాకా యురేనియంని టంగ్‌స్టన్ కింద 6వ గ్రూపులో వేసేవాళ్ళు, సీబోర్గ్ చెప్పాకే ఆ వరసంతా కిందికి దిగింది. అందుకని ఈ గడి కూడా మారితే ఆశ్చర్యపోకు.

ప్రశ్న: జింక్ పరివర్తన మూలకమా కాదా? ఒక్క మాటలో చెప్పండి. - ఎంసెట్ విద్యార్థి, అనంతపురం

జవాబు: కాదు. డి బ్లాకుదే, 12వ గ్రూపుదే, కానీ పరమాణువులో గానీ అయాన్‌లో గానీ డి పూర్తిగా నిండకుండా కొంతే నిండి ఉండాలి అన్నది నిర్వచనం, జింక్‌కి రెండిట్లోనూ 10 నిండి ఉంటాయి.

ప్రశ్న: 118 ఆగనెస్సాన్ 18వ గ్రూపులో ఉంది కాబట్టి వాయువేనా? 119 వస్తే ఎక్కడ పెడతారు? - ఎనిమిదో తరగతి విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఆగనెస్సాన్‌ని ఇప్పటిదాకా కొన్ని పరమాణువులే తయారు చేశారు బాబూ, అవీ మిల్లీసెకను లోపే పోయాయి, అందుకని చేత్తో పట్టుకుని చూసింది ఎవరూ లేరు. లెక్కల ప్రకారం అది మామూలు ఉష్ణోగ్రత దగ్గర ఘనంగా ఉండొచ్చు, ఎందుకంటే అంత బరువైన కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు విపరీతమైన వేగంతో తిరుగుతాయి, సాపేక్షతా ప్రభావం వల్ల కక్ష్యల తీరే మారిపోతుంది. పేరు పెట్టేటప్పుడు మాత్రం గ్రూపు ఆచారం పాటించారు, నియాన్, ఆర్గాన్ లాగా చివర ఆన్ వచ్చేట్టు. దాని పక్కన 117 టెనెస్సీన్‌కి క్లోరిన్, బ్రోమిన్ లాగా ఇన్ చివర వచ్చేట్టు పెట్టారు, ఈ పేర్లు ఖాయమైంది 2016 నవంబర్‌లో. 119 ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు, జపాన్‌లో రికెన్ సంస్థ వాళ్ళు ప్రయత్నిస్తున్నారు. వస్తే 8వ పీరియడ్ (అడ్డ వరస) మొదలవుతుంది, 1వ గ్రూపులో ఫ్రాన్షియం కింద గడి దానిది.